వేవిళ్ల కోరికలు: ఏవి తీర్చాలి, ఏవి వైద్యులకు చెప్పాలి

గర్భిణికి కొన్ని పదార్థాలపై ఉన్నట్టుండి కలిగే బలమైన ఆశనే వేవిళ్ల కోరిక అంటారు. సంస్కృతంలో దీనికి దోహదమని పేరు. సాధారణంగా ఇది తొలి మూడు నెలల్లో మొదలై, ప్రసవానంతరం తగ్గిపోతుంది. హార్మోన్ల మార్పుల వల్ల రుచి, వాసనలు మారడం ఇందుకు ఒక కారణమని భావిస్తున్నారు. శరీరానికి లోపించిన పోషకాన్నే మనసు కోరుతుందన్న నమ్మకానికి మాత్రం గట్టి ఆధారం లేదు.

ఉక్కు కర్మాగారంతో పెరిగిన జంషెడ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడ్డాయి. నగరంలోని బిష్టుపూర్ వంటి చోట్ల గర్భిణి మనసు ఇంట్లోని ఆవకాయ వైపూ, వీధిలోని ఫుచ్కా, ధుస్కాల వైపూ మళ్లవచ్చు. వీటిని పూర్తిగా మానవలసిన పని లేదు. అయితే ఫుచ్కా నీటిని కాచి చల్లార్చిన నీటితో ఇంట్లోనే చేసుకోవడం క్షేమం. ఊరగాయల్లో ఉప్పు ఎక్కువ కనుక పులుపు కోసం నిమ్మ, ఉసిరి వాడుకోవచ్చు. వాటిలోని సి విటమిన్ ఆహారంలోని ఇనుము వంటబట్టడానికీ తోడ్పడుతుంది. తీపి కోరినప్పుడు పండు మేలు. రెండు మూడు గంటలకొకసారి కొద్దికొద్దిగా తింటే కోరిక తీవ్రత తగ్గుతుంది. ‘ఇద్దరి తిండి’ తినాలన్న మాట సరికాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం గర్భిణికి రోజుకు అదనంగా కావలసినది 350 కిలో కేలరీలే.

మట్టి, బలపం, పచ్చి బియ్యం, మంచుగడ్డలు తినాలనిపించడం వేరు. దీనిని పైకా అంటారు. తరచుగా ఇది రక్తహీనతకు సూచన. మట్టి ద్వారా నులిపురుగుల గుడ్లు, సీసం శరీరంలోకి చేరే ప్రమాదమూ ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఝార్ఖండ్ గర్భిణుల్లో 56.8 శాతం మంది రక్తహీనులు. అందువల్ల ఈ అలవాటును తేలికగా తీసుకోరాదు. సిగ్గుతో చాలామంది దానిని దాచిపెడతారు. ఇంటి పెద్దలు మందలిస్తే మరింత దాస్తారు. మెల్లగా అడిగి పరీక్షకు తీసుకువెళ్లడమే ఉపకారం.

రక్తంలో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాముల కంటే తగ్గితే గర్భిణికి రక్తహీనత ఉన్నట్టు. నాలుగో నెల నుంచి కనీసం 180 రోజులు ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలు వేసుకోవాలి. టీ, కాఫీలతో కలిపి వాటిని తీసుకోరాదు. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెల 9న ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచిత పరీక్షలు జరుగుతాయి. ఆహారేతర వస్తువులపై కోరిక, విపరీతమైన దాహం, ఏదీ కడుపులో నిలవని వాంతులు ఉంటే ఆ తేదీ కోసం ఆగకుండా వెంటనే వైద్యులను సంప్రదించాలి.