మిల్లు లోపలి ఎండాకాలం

రెంటచింతల ఎండ మాడ్చేస్తుంది. ఏలూరు ఎండ ఉడకబెడుతుంది. ఒక పక్క కొల్లేరు, మరో పక్క గోదావరి కాలవలు, ఊళ్ల చుట్టూ చేపల చెరువులు. గాలి నిండా తడి ఉండటంతో పట్టిన చెమట ఆరదు. చెమట ఆరితే తప్ప ఒళ్లు చల్లబడదు. అందుకే పొడి ప్రాంతంలో నాలుగు డిగ్రీలు ఎక్కువున్న రోజుకన్నా ఇక్కడి ఉక్కపోత రోజే మూటలు మోసేవాణ్ణి ఎక్కువగా కుంగదీయగలదు. ఈ ప్రాంతంలో కార్మికుల రక్షణ ఎంతవరకు వచ్చిందో చూడాలంటే ఈ తడి సంగతి మరిచిపోకూడదు.

పొలం పనికి ఎండాకాలపు పద్ధతి ఒకటి ఉండేది. చీకటితోనే దిగి, ఎండెక్కే వేళకు గట్టెక్కి, చెట్టునీడన చద్దన్నమో గంజో తాగి, పొద్దు వాలాక మళ్లీ దిగేవారు. తలకు తువ్వాలు, పక్కన మజ్జిగ ముంత. కూలి అన్యాయంగానే ఉండేది, పెత్తనమూ ఉండేది. అయినా రోహిణి కార్తె మిట్టమధ్యాహ్నం పని ఆపితే తప్పుపట్టేవారు తక్కువ. 20వ శతాబ్ది మొదట్లో ఏలూరుకు జూట్ మిల్లు వచ్చింది. దాంతో ఆ మధ్యాహ్నం మిల్లు కూత పాలైంది. జనపనార మెత్తబడాలని దానిమీద నూనె, నీళ్లు కలిపి చల్లుతారు. దారం తెగకుండా సాగాలంటే షెడ్డులో తేమ నిలవాలి. నారకు మేలుచేసే ఆ తేమే దారం తీసేవాళ్లకు ఊపిరి సలపనివ్వదు.

అప్పటి చట్టాలు వేడి జోలికి పెద్దగా పోలేదు, గంటల జోలికి పోయాయి. 1881 నాటి మొదటి ఫ్యాక్టరీల చట్టం పిల్లల గురించే పట్టించుకుంది. 1911లో బట్టల, నార మిల్లుల్లో మగవాళ్ల పని రోజుకు 12 గంటలు మించరాదన్నారు. 1922లో వారానికి 60 గంటలు, 1934లో ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీల్లో 54 గంటలు. వడదెబ్బ పేరెత్తకపోయినా, ఆ రోజుల్లో ఎండకు కార్మికుడికి దక్కిన అసలైన మందు ఈ గంటల తగ్గింపేనని నా నమ్మకం.

వేడిని కొలిచే తీరు మారింది మాత్రం వేరేచోట. 1905లో బ్రిటన్ శాస్త్రవేత్త జె.ఎస్. హాల్డేన్ గనుల్లోని వేడి మీద పరిశోధించి ఒక సంగతి తేల్చాడు. మామూలు థర్మామీటరు అంకె మనిషి బాధను చెప్పదు. దాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలి తగలనిస్తే వచ్చే అంకె చెబుతుంది. గుడ్డ తడి ఆరే కొద్దీ పాదరసం దిగుతుంది, గాలిలో తేమ నిండి ఉంటే దిగదు. ఆ తడి అంకె సుమారు 31 డిగ్రీలు దాటిందంటే కదలని గాలిలో, తేలికపాటి దుస్తుల్లో ఉన్నా ఒంటి వేడి పెరగడం మొదలవుతుందని ఆయన గమనించాడు. తర్వాత మన దేశపు నమూనా ఫ్యాక్టరీ నిబంధనల్లోకీ ఈ కొలత చేరింది. పనిచేసే గదిలో తడి అంకె 30 డిగ్రీలు మించకూడదు, గాలి నిమిషానికి కనీసం 30 మీటర్లు కదలాలి. కొల్లేటి గాలికి ఇంతకన్నా సరిపోయే కొలత లేదు.

1948 ఫ్యాక్టరీల చట్టం ఇప్పుడు చదివినా గౌరవం కలుగుతుంది. కప్పుకు సున్నం వేయించమని, నీళ్లు చల్లించమని, కప్పు ఎత్తు పెంచమని, రెండు పొరలుగా కట్టమని ఆదేశించే అధికారం 13వ సెక్షను ప్రభుత్వానికి ఇచ్చింది. 18వ సెక్షను తాగునీటి గురించి. మంచినీళ్లు అందరికీ ఉండాల్సిందే, కానీ ఎండాకాలంలో చల్లటి నీళ్లు తప్పనిసరి అయింది 250 మందికి పైబడిన ఫ్యాక్టరీల్లోనే. విశ్రాంతి గదికి 150 మంది దాటాల్సి ఉండేది.

ఆ అంకెల దగ్గరే తాడేపల్లిగూడెం జారిపోయింది. కాలవల నీటితో పండిన ధాన్యం చుట్టూ పుట్టిన రైస్ మిల్లుల్లో వందలమంది ఒకేచోట ఉండరు. ఉప్పుడు బియ్యం మిల్లు సంగతే చూడండి. ధాన్యం నానబెట్టాలి, ఆవిరి పట్టాలి, ఆరబెట్టాలి. బాయిలరు ముందు నిలబడి పొయ్యిలోకి ఊక ఎగదోసేవాడికి ఎదుట మంట, పైన రేకుల కప్పు. తవుడు దుమ్ము లేస్తుందని ఫ్యాను వేసుకోవడానికీ వీలుపడదు, ముక్కుకు గుడ్డ కట్టుకోవలసిందే. బయట హమాలీ బస్తా వీపున వేసుకుని ఎండలోంచి నీడలోకి, నీడలోంచి ఎండలోకి తిరుగుతూ ఉంటాడు.

కొల్లేటి చేపల వ్యాపారంలో వేళలు మారాయి. కైకలూరు, ఆకివీడు వైపు చెరువుల్లో ఎండ ముదరకముందే వల లాగి, ఐసు పోసి పెట్టెలకెత్తుతారు. చేప పాడవుతుందని చేసిన ఏర్పాటు అది. దాంతోపాటు వల లాగేవాడికీ కొంత మేలు జరిగింది.

2003 వేసవిలో ఉమ్మడి రాష్ట్రంలో వేలమంది, 2015లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 1,700 మందికి పైగా వడదెబ్బకు పోయారు. 2013లో అహ్మదాబాద్ మొదలుపెట్టిన వడగాడ్పుల ప్రణాళిక బాట మన రాష్ట్రమూ పట్టింది. ఇప్పుడు మండలాలవారీగా హెచ్చరికలు వస్తున్నాయి. అవి చెట్లకింద చలివేంద్రాలు పెట్టించాయి, పనివేళలు మార్చమని చెప్పాయి. మిల్లు గోడ లోపల ఎన్ని డిగ్రీలున్నాయో మాత్రం చెప్పవు.

పాత చట్టం స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. విశ్రాంతి గదికి అంకె 50కి, క్యాంటీనుకు 100కి తగ్గింది. మంచి మార్పే. ముప్పై మందితో నడిచే మిల్లు ఇంకా బయటే ఉంది. పైగా కరెంటుతో నడిచేచోట ఫ్యాక్టరీ అనిపించుకోవడానికే ఇదివరకు పదిమంది చాలు, ఇప్పుడు ఇరవైమంది కావాలి. లోపలికి వచ్చిన చోట కూడా హమాలీ కూలి బస్తాకింత చొప్పునే. రెండు గంటలు నీడన కూర్చుంటే ఆ రెండు గంటల బస్తాల డబ్బు అతనే పోగొట్టుకుంటాడు. విరామానికి కూలి కట్టివ్వమని రాసేదాకా ఎండలో పని ఆపమని చెప్పే హెచ్చరికను అతను పాటించలేడు.