బీఫర్డ్ ఆర్కైవ్

ఇంగ్లండ్‌లోని ఉత్తర డెవన్ రైతుపల్లెల రోజువారీ బతుకును నమోదు చేసిన ఫొటోల భాండాగారం. బీఫర్డ్ కళాకేంద్రం డైరెక్టర్ జాన్ లేన్ 1972లో ఈ పనిని జేమ్స్ రావిలియస్ (1939–1999)కు అప్పగించారు. ఈయన చిత్రకారుడు ఎరిక్ రావిలియస్ కుమారుడు. కొద్దికాలానికని ఒప్పుకున్న పని పదిహేడేళ్లు సాగింది. 70,000కు పైగా నలుపు తెలుపు నెగటివ్‌లు పోగయ్యాయి.

రావిలియస్ భార్యతో కలిసి అక్కడే కాపురముండేవారు. ఈ ఆర్కైవ్ బలమంతా అందులోనే ఉంది. ఒక ముసలి రైతును ఆయన ఏళ్ల తరబడి తీశారు: గొర్రెలకు మేత మోస్తూ, జబ్బుపడ్డ జీవాన్ని సాకుతూ, కుక్కలతో తోవ నడుస్తూ. ఈనే కాలంలో గొర్రెల కొట్టాలు, కంచె పొదలు అల్లే చేతులు, మంచులో పశువులకు ఎండుగడ్డి వేయడం, ఊరి డాక్టరు రోగి ఇంటికి వెళ్లడం, ఊరి పండగలు, బురద, అన్నీ ఇందులో ఉన్నాయి. ఎవరినీ జాలిగా చూపలేదు, పల్లెను స్వర్గమనీ చూపలేదు. అది చాలా అరుదైన నిగ్రహం.

పనితనమూ గమనించదగ్గదే. లైకా కెమెరాకు పూత లేని పాత లెన్సులు బిగించి, తరచూ ఎదురు వెలుతురులో తీసేవారు. లెన్సుపై నేరుగా ఎండ పడకుండా సొంతంగా చేసుకున్న తొడుగు వాడేవారు. అందువల్ల నీడల్లోని వివరం కూడా మెత్తగా కనబడుతుంది. ఆయనపై ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్తియే బ్రెసాఁ ప్రభావం ఎక్కువ.

స్థానిక కుటుంబాల దగ్గరున్న పాత ఫొటోలను సేకరించి, వాటికి ప్రతులు తీసి భద్రపరచడం కూడా ఈ పనిలో భాగమైంది.