క్లోరోఫారము వివాదమున పిల్లి సాక్ష్యము

సికింద్రాబాదులో పెంపుడు పిల్లికి పిల్లలు కలుగకుండ ఆపరేషను చేయించుట నేడు వింత కాదు. ఉదయము బుట్టలో పశువైద్యుని యొద్దకు వెళ్ళిన పిల్లి సాయంకాలమునకు పొట్టపై కుట్లతో, తూలుచు ఇల్లు చేరును. గర్భాశయమును, అండాశయములను తొలగించు ఆ శస్త్రచికిత్స నిజమునకు చిన్నది కాదు. అయినను అది ప్రాణముతో తిరిగివచ్చుట సహజమనియే మనమెంచుదుము. ఈ ధీమా వెనుక దీర్ఘమైన వివాదమొకటి కలదు. అందలి ముఖ్యఘట్టము మనకు మిక్కిలి చేరువగా, మూసీ యొడ్డున, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో జరిగినది.

1847 నవంబరులో ఎడింబరో వైద్యుడు జేమ్స్ సింప్సన్ ప్రసవవేదనను తగ్గించుటకు క్లోరోఫారమును వాడెను. మూడు నెలలైనను తిరుగకమునుపే, 1848 జనవరిలో, ఇంగ్లండులో హానా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనుటకై ఆ మందు పీల్చి, నిమిషములలో కన్నుమూసెను. మందు ముందుగా ఆపునది గుండెనా, ఊపిరినా? వైద్యలోకము రెండు పక్షములుగా చీలినది. ఎడింబరో వారు ఊపిరిని కనిపెట్టుమనిరి. లండను వారు నాడిని విడువవలదనిరి.

హైదరాబాదు రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ ఎడింబరో పక్షమువాడు. ఆయన పూనికపై 1888లో మొదటి క్లోరోఫారము కమిషను ఏర్పడినది. ఊపిరి ఆగనిదే గుండె ఆగదని అది తేల్చినది. లండనులోని లాన్సెట్ పత్రిక దీనిని నమ్మలేదు. అంతట ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ వేయి పౌనులిచ్చి, ఆ పత్రిక ఎన్నుకొనిన శాస్త్రజ్ఞుడినే రప్పించెను. అట్లు వచ్చిన లాడర్ బ్రంటన్ గుండెకే అపాయమని తలచుచుండినవాడు. 1889 చివర రెండవ కమిషను పని ముగిసినపుడు ఆయనయు లారీ పక్షమునకు తిరిగెను. కుక్కలు, గుఱ్ఱములు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు కలిసి 490 జంతువులను వినియోగించితిమని ఆయన లండనుకు తంతి పంపెను. ఈ సంఖ్యను చదువునపుడు మాకు హైదరాబాదు ఖ్యాతిని గూర్చిన గర్వముకంటె ముందు సంకోచమే కలుగును.

లారీ శిష్యులలో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. ఇక్కడి మెడికల్ స్కూలులో 1889లో ఉత్తీర్ణురాలై, హైదరాబాదు ఆసుపత్రులలో క్లోరోఫారమిచ్చు పనిని చేపట్టిన ఆమెను ప్రపంచమున మొదటి మహిళా మత్తువైద్యురాలని చెప్పుదురు. లారీ మాత్రము మొండివాడు. లావెరాన్ కనుగొన్న మలేరియా పరాన్నజీవి ఉన్నదనియే ఆయన ఒప్పుకొనలేదు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఆ పరాన్నజీవిని దోమ కడుపులో చూచినది ఇక్కడి బేగంపేటలోనే!

క్లోరోఫారము విషయమునను తుదకు ఓడినది లారీయే. ఓడించినది పిల్లి. 1911లో ఇంగ్లండున గుడ్‌మన్ లెవీ పిల్లులపై పరీక్షలు జరిపి, మత్తు గాఢముగానున్నపుడు గాక పలుచగానున్నపుడే, శరీరమున ఉద్రేకరసమైన ఎడ్రినలిను పొంగినచో, గుండె కండరములు లయ తప్పి వణకి ఒక్కసారిగా నిలిచిపోవునని చూపెను. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి భవనము అప్పటికే 1908 మూసీ వరదలో నాశనమైనది. క్లోరోఫారమును క్రమముగా శస్త్రచికిత్సాగారమునుండి తొలగినది.

అయితే ఊపిరిని కనిపెట్టుమన్న లారీ మాట నేటికిని చెల్లును. ఆపరేషనైన రాత్రి పిల్లి ప్రక్క నుండువారు చూడవలసినది ప్రక్కటెముకల కదలికనే. ఊపిరి భారమైనను, నోరు తెరచి పీల్చినను, చిగుళ్ళు తెల్లబారినను తెల్లవారువరకు ఆగరాదు. కేటమిను అను మందుతో మత్తు పొందిన పిల్లి కన్నులు తెరచియే నిద్రించును. అందుకు భయపడ పనిలేదు. చిన్న శరీరము వేడిని త్వరగా కోల్పోవును గనుక వేడినీటి సీసాను గుడ్డలో చుట్టి, పిల్లి తనకుతాను జరుగగలుగునట్లు ప్రక్కనుంచవలెను. మంచముపైగాక నేలమీదనే, మసకవెలుతురులో పరుండబెట్టుట మేలు. ఇంటిలోని తక్కిన పిల్లులు ఆసుపత్రి వాసనకు బుసకొట్టును గనుక ఆ రాత్రికి వానిని దూరముగానుంచవలెను. పూర్తిగా తెలివి వచ్చినపిదప కొద్దిగా ఆహారమీయవచ్చును.

ఇచ్చట మరియొక చరిత్ర అడ్డువచ్చును. 1867లో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లముతో గాయము చీము పట్టకుండ కాపాడవచ్చునని ప్రకటించెను. లక్షలాది మనుష్యులు ఆ తెగ మందులవలన బ్రతికిరి. పిల్లికి మాత్రము అవి విషములు. మన కాలేయము అట్టి పదార్థములను గ్లూకురోనిక్ ఆమ్లముతో కలిపి వెలికి పంపును. పిల్లి కాలేయమునకు ఆ శక్తి మిక్కిలి స్వల్పము. కావున కుట్లపై డెటాలు పూయరాదు, అది పండుకొను గదిని ఫినాయిలుతో కడుగరాదు. పారాసిటమాలు సంగతియు నింతే. మనకు జ్వరము తగ్గించు ఒక్క మాత్ర పిల్లి రక్తమును ప్రాణవాయువు మోయలేని గోధుమరంగు ద్రవముగా మార్చి చంపగలదు. జాలిపడి ఇచ్చిన మాత్రయే ప్రాణము తీయుట ఎంత దారుణము! వంటింటి పసుపు సయితము కుట్లపై వలదు. పిల్లి దానిని నాకును, నాకినకొలది కుట్లు విడును. మెడకు గరాటువంటి పట్టీ తగిలించుటయో, పసిబిడ్డ చొక్కా తొడుగుటయో చేసి పది పదునాలుగు దినములు ఎగురకుండ, దూకకుండ కాపాడవలెను.

నొప్పి మాట అన్నిటికంటె ఆలస్యముగా తలకెక్కినది. 1919లోనే బ్రిటిషు పార్లమెంటు పశువుల కొన్ని శస్త్రచికిత్సలకు మత్తు తప్పనిసరియని శాసించినది. మనదేశమున జంతుహింసా నివారణ చట్టము 1960లో వచ్చినది. కాని కత్తి దిగునప్పటి నొప్పియే నొప్పిగా లెక్కించి, మరునాటి నొప్పిని చాలకాలము వైద్యులును ఉపేక్షించిరి. పిల్లి మూలుగదు, మూలకు చేరును. 2019లో కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పిల్లి ముఖముననే నొప్పిని కొలుచు పద్ధతిని ప్రకటించిరి. చెవులు ప్రక్కలకు వాలుట, కన్నులు సగము మూయుట, మూతి బిగియుట, మీసములు నిటారగుట, తల భుజములకంటె క్రిందికి వ్రాలుట అందలి గుర్తులు. ఈ గుర్తులు రెండవనాడును కనబడినచో, లేక ఒక పూర్తి దినము పిల్లి ఏమియు తినకున్నచో, బుట్ట సిద్ధము చేసికొని వైద్యుని యొద్దకు మరల పోవలెను.