తేనీరులో తేనె లేదు

గూడూరు జంక్షన్‌లో ఉత్తరాది బండి ఆగగానే ఒకే ప్లాట్‌ఫారం మీద రెండు మాటలు వినిపిస్తాయి. కెటిల్ పట్టుకున్నాయన "టీ... టీ..." అని కేకేస్తుంటాడు. బోగీ తలుపు దగ్గర నిలబడ్డ ప్రయాణికుడు "ఏక్ చాయ్" అంటాడు. కప్పులో పడేది ఒకటే. బయటికొచ్చి టీ అంగడి బల్ల మీద పడున్న పేపరు తిరగేస్తే ఇంకో రెండు పేర్లు కనిపిస్తాయి. కథల పేజీలో తేనీరు, వ్యాపారం పేజీలో తేయాకు. ఈ నాలుగు మాటలకూ వేరు ఒక్కటే: తొమ్మిది గీతల చైనా అక్షరం.

ఆ అక్షరాన్ని తెలుగువాళ్ళు కూడా సులువుగానే గీయగలరు. పైన ఒక అడ్డగీత, దాన్ని కోస్తూ రెండు పొట్టి నిలువుగీతలు. అది గడ్డికి గుర్తు. దాని కింద పూరింటి కప్పులా చెరో పక్కకీ వాలిన రెండు గీతలు. కప్పు కింద ఒక అడ్డం, ఒక నిలువు, అటొకటి ఇటొకటి చిన్న గీతలు. ఆ కింది భాగం చెట్టులా ఉంటుంది, మధ్యలోని కప్పు మనిషి గుర్తును పోలి ఉంటుంది. అందుకే గడ్డికీ చెట్టుకీ నడుమ మనిషి ఉన్నాడని, టీ అంటే అదేనని చైనాలో చమత్కారంగా చెబుతారు. చెప్పడానికి బాగానే ఉంటుంది గానీ అసలు సంగతి అది కాదు. పూర్వం 'తూ' అనే అక్షరం ఒకటుండేది, పది గీతలది. చేదు ఆకుకూరల్ని దానితోనే రాసేవాళ్ళు, తేయాకునూ దానితోనే రాసేవాళ్ళు. తాంగ్ రాజుల కాలంలో అందులోంచి ఒక్క గీత తీసేసి, టీకి సొంత అక్షరం ఇచ్చారు. బౌద్ధ భిక్షువుల దగ్గర పెరిగిన అనాథ లూ యూ 8వ శతాబ్దంలో రాసిన 'టీ శాస్త్రం'తో ఆ కొత్త రూపం స్థిరపడింది.

ఇదే అక్షరంలో జపాన్ వాళ్ళు లెక్క కూడా చూశారు. పై గడ్డి గుర్తును రెండు పదులుగా చదివితే ఇరవై. కింది భాగాన్ని విడదీస్తే ఎనిమిది, పది, ఎనిమిది, అంటే వాళ్ళ లెక్కలో ఎనభై ఎనిమిది. మొత్తం 108. మనిషికి నూట ఎనిమిదేళ్ళు వస్తే ఆ పుట్టినరోజును 'చాజు', అంటే టీ ఆయుష్షు అంటారు. అష్టోత్తరాలు చదివే మన ఇళ్ళకు ఆ అంకె కొత్తేమీ కాదు.

రాత ఒకటే అయినా పలుకు మాత్రం చీలింది. పాతకాలపు చైనా భాషలో ఈ మాట మొదటి ధ్వని ట, డ లకు దగ్గరగా ఉండేది. కాలక్రమంలో అది దేశంలో చాలా చోట్ల 'చ' అయింది. ఆగ్నేయాన ఫూజియన్ తీరం మాత్రం మారలేదు. అక్కడి అమోయ్ రేవులో, అంటే నేటి షియామెన్‌లో, దాన్ని 'తే' అనేవారు, ఇప్పటికీ అంటారు. ఇలాంటి చీలిక మనకూ తెలిసిందే. తమిళుల 'కై' మన దగ్గర 'చేయి' అయింది, కన్నడిగుల 'కివి' మనకు 'చెవి'.

కొరియా రెండు పలుకుల్నీ ఉంచుకుంది, 'చా' అనీ 'దా' అనీ. పండగనాడు పెద్దలకు పెట్టే మొక్కును 'చారే' అంటారు, అంటే టీ మర్యాద. ఇప్పుడు అందులో సాధారణంగా టీ ఉండదు, మద్యం పోస్తారు. వియత్నాంలో 'చే' ఉంది, 'చా' ఉంది. జపాన్‌లో ఈ అక్షరం టీ గిన్నెలోంచి బయటికొచ్చి ఇల్లంతా తిరిగింది. గోధుమరంగు 'చాయిరో', అంటే టీ రంగు. ఇంట్లో అందరూ కూర్చునే గది 'చానోమా'. అన్నం తినే గిన్నె కూడా 'చావాన్', అక్షరాలా టీ గిన్నే. 'కిస్సాతెన్' అని బోర్డుంటే అక్షరాల ప్రకారం టీ తాగే అంగడి అన్నమాట, లోపల ఎక్కువమంది తాగేది కాఫీ!

'చ' ఎక్కువగా నేల మీద నడిచింది. పారశీకంలో 'చాయ్' అయి, ఉర్దూలో కలిసి, హైదరాబాదులో స్థిరపడింది. మకావులో బేరం చేసిన పోర్చుగీసువారు మాత్రం 'చా'ను ఓడలోనే తీసుకెళ్ళారు. వాళ్ళు మన తీరానికీ వచ్చి బాల్చీ, అల్మరా, తువ్వాలు ఇచ్చారు గానీ ఆ మాటను ఇక్కడ నాటలేకపోయారు.

'తే'ను ఓడ ఎక్కించినవారు డచ్చివారు. ఫూజియన్ వర్తకుల పడవలు జావాకు వచ్చేవి. అక్కడ వాళ్ళతో బేరం చేసిన డచ్చి కంపెనీ, సరుకుతోపాటు వాళ్ళ మాటనూ పట్టుకెళ్ళింది. ఆ కంపెనీకి కోరమాండల్ తీరంలో ముఖ్య స్థావరం పులికాట్. గూడూరులో మద్రాసు వైపు రైలెక్కితే సూళ్ళూరుపేట, తడ దాటుతుండగా తూర్పున సరస్సు సాగుతుంది కదా, దాని దక్షిణపు కొసన ఉన్న ఊరే అది. 1613లో అక్కడ గెల్‌డ్రియా కోట కట్టారు. డచ్చి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. మచిలీపట్నంలోని వలందపాలెం పేరులోనూ ఉన్నది ఆ హాలండు వారే. మనకు 'టీ' అన్న మాటనిచ్చిన ఇంగ్లీషువారు 1626లో గూడూరుకు తూర్పున దుగరాజపట్నంలో దిగి, దాన్ని ఆర్మగాన్ అన్నారు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు స్థలం సంపాదించాక దుగరాజపట్నం వెనకబడిపోయింది.

అప్పట్లో ఇక్కడి జనానికి టీ మరిగించుకుని తాగే అలవాటు లేదు. మన అంగళ్ళకు టీ చేరింది చాలా ఆలస్యంగా, అస్సాం తోటలు పెరిగాక, 1903 నాటి టీ సెస్సు సొమ్ముతో ఊరూరా ప్రచారం చేశాక. కానీ మాట పాతది. 18వ శతాబ్దం మొదట్లో కూడా ఇంగ్లీషువారు దాన్ని 'టే' అనే పలికేవారు. కవి అలెగ్జాండర్ పోప్ దానికి 'ఒబే'తో ప్రాస కలిపాడు. తర్వాత ఇంగ్లీషు పలుకే మారి 'టీ' అయింది. తమిళంలో తేయిలై, సింహళంలో తే, మలయాలో తే, మనకు తేయాకు. ఇవన్నీ ఆ పాత పలుకునే దాచుకున్నాయి. చూస్తే అచ్చతెలుగు సంధిలా, తేనె నీరు కలిసి తేనీరు అయినట్టు ఉంటుంది. తేనెకు అందులో చోటే లేదు. 'తే' అమోయ్ రేవుది, 'నీరు' ఒక్కటే మనది. స్టేషన్లో వినిపించే టీ కన్నా, పత్రికల్లోనే బతికే తేనీరు చైనా పలుకుకు దగ్గరగా ఉంది.

ఎదురు దిశలో వెళ్ళిన పేరూ ఒకటుంది. పులికాట్ నుంచి డచ్చి ఓడలు ఆగ్నేయాసియాకు మోసుకెళ్ళింది నేతబట్టలు. మలేసియాలో గళ్ళ లుంగీని నేటికీ 'కైన్ పెలెకాత్' అంటారు, అంటే పులికాట్ బట్ట. అది కట్టుకుని అంగడికొచ్చినవాళ్ళు అక్కడ అడిగేది 'తే తారిక్', అంటే లాగి పోసిన టీ.