మూడో చీటీ

తెలుగువాళ్ళ వంటింటి గోడమీద వేలాడే క్యాలెండరుని ఎప్పుడైనా తీరిగ్గా చదివారా? పైన వున్న దేవుడి బొమ్మ సంగతి కాదు నేననేది, కింద గళ్ళ సంగతి. 5వ తారీకు గడిలో 'పా.లే.' అని వుంటుంది. ఆ పూట పాలు వెయ్యలేదని అర్థం. 12లో 'గ్యాస్'. 17లో ఒక గుండు సున్నా, పనిమనిషి రాలేదని. 23లో 'చిన్నాడి ఫీజు'. రెండక్షరాలూ, ఒక సున్నా, ఒక అడ్డగీతా, వీటితోనే నెల రోజుల సంసారం అక్కడ రాసి వుంటుంది. రాజుల శాసనాలు చదివే పండితులు చాలామంది వున్నారుగానీ ఈ శాసనాలు చదవగలిగేది ఇంటికి ఒక్కతే.

ఇప్పుడు దానికి తోడు ఫోన్‌లో ఒక క్యాలెండరు వచ్చింది. వారి ఆఫీసుది ఒకటి, పిల్లల స్కూలుది ఇంకొకటి. గూట్లో పంచాంగం ఎలాగూ వుండనే వుంది. ఇన్నింటికీ ఒక్క మాట మీద రాజీ కుదర్చడాన్ని 'సింక్' చెయ్యడం అంటారట. గిన్నెలు తోముకునే సింకు కాదండోయ్! అయినా రెండింటికీ పెద్ద తేడా లేదు. ఎంత ఖాళీ చేసినా మర్నాటికి మళ్ళీ నిండుతుంది.

ఈ తగువు ఫోన్లతో పుట్టింది కాదు. క్యాలెండర్లకి పొత్తు కుదర్చడం రాజులకీ, మతగురువులకీ కూడా తలకి మించిన పనే అయింది. యూరప్‌లో జూలియస్ సీజర్ నాటి లెక్క సూర్యుడి కంటే వెనకబడిందని గమనించి, 1582లో పోప్ పదమూడో గ్రెగరీ దాన్ని సరిచేయించాడు. ఆ మాట విన్న దేశాల్లో అక్టోబరు 4 గురువారం తర్వాత 15 శుక్రవారం వచ్చింది. ఇంగ్లండు వినలేదు. పోప్ చెబితే మేం వినడమేమిటన్న పంతం! ఆ పంతం 170 ఏళ్ళు నడిచింది. చివరికి చట్టం చేసి, 1752లో సెప్టెంబరు 2 బుధవారం మర్నాడు 14 గురువారం అన్నారు. మధ్యలో 11 రోజులు మాయం. మా 11 రోజులు మాకిమ్మని జనం అల్లర్లు చేశారని కథలు చెబుతారుగానీ, ఆ అల్లర్లకి ఆధారాలు లేవంటారు చరిత్రకారులు. విలియం హోగార్త్ అనే చిత్రకారుడు ఎన్నికల మీద వేసిన ఒక వెటకారపు బొమ్మలో అలాంటి నినాదం రాసిన అట్ట ఒకటి వుంది. బొమ్మలోని వేళాకోళం క్రమంగా చరిత్ర అయి కూర్చుంది.

మరి మామూలు మనుషుల మాటేమిటి? జార్జి వాషింగ్టన్ పుట్టినప్పుడు ఇంట్లో తారీకు ఫిబ్రవరి 11. చట్టం వచ్చాక అది 22 అయింది. ఇప్పుడు అమెరికావాళ్ళు చెప్పుకునేది ఆ 22నే. మనిషి మారలేదు, రోజు మారలేదు, రాసుకున్న అంకె మారింది.

ఈ 11 రోజుల లోటుని మరిచిపోకుండా గుర్తుపెట్టుకున్న చోటు ఒకటుంది. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో, టెలిఫోన్ కంపెనీవారి పరిశోధనశాల బెల్ లేబొరేటరీస్. అక్కడ 1969లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనే ఇద్దరు యూనిక్స్ అనే ఏర్పాటుకి శ్రీకారం చుట్టారు. ఇవాళ మన చేతుల్లో వున్న ఫోన్లలో దాని పోలికలే వున్నాయి. ఆ రోజుల్లో కంప్యూటరుకి బొమ్మలు లేవు, వేలితో తోసే పని లేదు. ఒక మాట టైపు చేస్తే యంత్రం ఒక జవాబు అచ్చువేసేది. కమాండ్ లైన్ అనేది అదే. 1971లో వచ్చిన మొదటి మాన్యువల్‌లోనే 'క్యాల్' అనే మాట వుంది. నెలా, సంవత్సరం చెబితే క్యాలెండరు చూపిస్తుంది.

బెంగుళూరులో వుద్యోగం చేసే మా మేనల్లుడు ఓ సెలవుల్లో ఆ నల్లతెర నా ముందుపెట్టి, "అత్తా, 1752 సెప్టెంబరు కొట్టి చూడు" అన్నాడు. కొట్టాను. 1, 2, ఆ పక్కనే 14! చదువుకునే రోజుల్లో చరిత్ర పాఠంలో బట్టీపట్టిన సంగతి అక్కడ పన్ను వూడిన నోరులా నవ్వుతూ కనిపించింది. బి.ఏ. చదువు ఎక్కడ ఎలా పనికొస్తుందో చెప్పలేం.

1979 నాటి యూనిక్స్ ఏడో కూర్పులో 'క్యాలెండర్' అనే ఇంకో చిన్న గుమాస్తా వుంది. దాని పద్ధతి నాకు భలే నచ్చింది. మీరు ఒక ఫైలులో మీకు తోచినట్టు వాక్యాలు రాసుకోండి. వాక్యంలో ఎక్కడో ఓ చోట తేదీ వుంటే చాలు. గళ్ళు లేవు, రంగులు లేవు, ఉత్త అక్షరాలు. ఆ గుమాస్తా ఫైలు చదివి, ఇవాళ్టి తేదీ, రేపటి తేదీ వున్న వాక్యాలు ఏరి చూపిస్తాడు. వారాంతాల్లో అతని 'రేపు' సోమవారం దాకా సాగుతుంది! తెల్లవారుజామున అందరూ నిద్రపోతుండగా ఒక్కొక్కరి ఫైలూ చదివి, ఎవరి పనులు వాళ్ళకి వుత్తరాలుగా వేసిపెట్టే ఏర్పాటు కూడా వుండేది. పొద్దున్నే లేచి, "ఇవాళ కరెంటు బిల్లు కట్టాలి, మరిచిపోకండి" అని గుమ్మందాకా వెళ్ళి చెప్పే ఇల్లాలు గుర్తురావడం లేదూ?

తర్వాత కాలంలో కంప్యూటర్లు ఇంటింటికీ వచ్చాయి. ఒక్కో కంపెనీ ఒక్కో రకం డైరీ అమ్మింది. ఒకదానిలో రాసింది ఇంకోదానికి అర్థం కాదు. ఒకే వీధిలో వుంటూ పలకరింపుల్లేని తోడికోడళ్ళ వ్యవహారం. ఆపిల్, ఏటీ అండ్ టీ, ఐబీఎం, సీమెన్స్ కంపెనీలు కలిసి 1996లో ఒక వుమ్మడి భాష తయారుచేశాయి. దాన్ని మెరుగుపరిచి 1998లో ఫ్రాంక్ డాసన్, డెరిక్ స్టెనర్సన్ అనే ఇద్దరు 'ఐక్యాలెండర్' అన్నారు. పెళ్ళి శుభలేఖతోబాటు ఇప్పుడు ఫోన్‌కి వచ్చే క్యాలెండరు చీటీ ఆ భాషలోదే. కత్తిరించి లోపల చూస్తే ఏముంది? మళ్ళీ ఉత్త అక్షరాలే. ఫలానా పని మొదలు, పేరు ఫలానా, వేళ ఫలానా, పని ముగింపు. ఎవరైనా చదువుకోవచ్చు.

అయితే భాష ఒకటైతే సరిపోదు, ఇచ్చిపుచ్చుకునే పద్ధతి కూడా కావాలి. లిసా డ్యూసో అనే ఆవిడ 2003లో అలాంటి పద్ధతికి ముసాయిదా ప్రతిపాదించింది. ఆవిడా, సైరస్ దాబూ, బెర్నార్డ్ దెరుయిసో కలిసి రాసిన నియమావళి 2007 మార్చిలో 'క్యాల్‌డావ్' పేరుతో వెలువడింది. మీ ఫోన్‌లో రాసింది మీ అమ్మాయి కంప్యూటర్లో కనిపించడం వెనక తరచుగా వుండేది ఈ పద్ధతే.

ఇంత సుఖం అమరాక కూడా కొందరు మళ్ళీ ఉత్త అక్షరాల నోటుపుస్తకానికే వెళ్ళారు. 2003లోనే, ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్రం చెప్పే కార్‌స్టెన్ డొమినిక్ తన పనులు రాసుకోవడానికి 'ఆర్గ్ మోడ్' తయారుచేసుకున్నాడు. రాసుకున్న ఫైళ్ళన్నీ వెతికి ఇవాళ్టి ఎజెండా కూర్చి పెడుతుంది. డయాన్ స్కోల్ రాసిన 'రిమైండ్' అనే సాధనానికి సూర్యోదయం, సూర్యాస్తమయం, పున్నమి, అమావాస్యల లెక్కలు కూడా వచ్చు. నక్షత్రాలు చూసేవాళ్ళకీ, రోజులు లెక్కపెట్టేవాళ్ళకీ చుట్టరికం మన సిద్ధాంతులతోనే ఆగలేదన్నమాట!

వాళ్ళెందుకు వెనక్కి వెళ్ళారు? కంపెనీల డైరీ అద్దె ఇల్లు లాంటిది. ఎంత ముచ్చటగా సర్దుకున్నా తాళం వాళ్ళ చేతిలో వుంటుంది. 'సన్‌రైజ్' అనే క్యాలెండరుని చాలామంది మెచ్చుకునేవారు. మైక్రోసాఫ్ట్ దాన్ని 2015లో కొని, 2016లో మూసేసింది. అలవాటుపడినవాళ్ళు వేరే గడప వెతుక్కున్నారు. ఉత్త అక్షరాల ఫైలు మాత్రం సొంత ట్రంకుపెట్టె. ఎవరు మూసేస్తారు?

కాకపోతే ట్రంకుపెట్టె జేబులో పట్టదు. ఫోన్ కూడా కావాలి. అందుకని ఆ రెండింటికీ మధ్యవర్తిగా 'వీడిర్‌సింకర్' వంటి సాధనాలు వచ్చాయి. ఒక మాట టైపు చేస్తే అటున్నవి ఇటూ, ఇటున్నవి అటూ చేరుస్తుంది. ఇందులో ఒక చిక్కు వుంది చూడండి. 'శనివారం పళ్ళ డాక్టరు' అని ఫోన్‌లో వుంది, కంప్యూటర్లో లేదు. ఏమిటి దానర్థం? ఫోన్‌లో కొత్తగా రాశారా? లేక రెండింటిలోనూ వుండగా కంప్యూటర్లో కొట్టేశారా? మొదటిదైతే ఇటు చేర్చాలి, రెండోదైతే అటు తీసెయ్యాలి. రెండు పుస్తకాలనీ ఎంతసేపు ఎదురెదురుగా పెట్టుకుని చూసినా ఈ ప్రశ్నకి జవాబు దొరకదు.

అందుకని ఆ మధ్యవర్తి మూడో చీటీ ఒకటి దాచుకుంటుంది. కిందటిసారి రెండింటికీ రాజీ కుదిరినప్పుడు ఏమేం వున్నాయో అందులో రాసి వుంటుంది. చీటీలో డాక్టరు పేరుంటే ఇటు కొట్టేశారని అర్థం, లేకపోతే అటు కొత్తగా చేరిందని అర్థం. ఒకే పనిని రెండుచోట్లా రెండు రకాలుగా దిద్దితే, ఎవరి మాట నెగ్గాలో మీరు ముందుగా చెప్పి వుంటే తప్ప అది తీర్పు చెప్పదు. ఒకవైపు పుస్తకం మొత్తం ఖాళీగా కనిపిస్తే రెండోవైపు తుడిచెయ్యకుండా ఆగిపోతుంది. ఇల్లంతా ఒక్కసారిగా ఖాళీ అయిందంటే దొంగలు పడ్డారేమోనని అనుమానించడం తెలివైనవాళ్ళ లక్షణం కదా!

ఈ మూడో చీటీ సంగతి విన్నప్పుడు నాకు మా అత్తగారు గుర్తొచ్చారు. ఆ ఇంట్లో మూడో చీటీ ఆవిడే. ఏ పెళ్ళికి ఎవరేం పెట్టారో, ఏ మాట మీద ఎవరు ఒప్పుకున్నారో, ఏ పిల్లాడు ఏ నక్షత్రంలో పుట్టాడో ఆవిడని అడగాల్సిందే. పెద్దల తిథులన్నీ ఆవిడ నోట్లోనే వుండేవి. ఆవిడ పోయాక మావారి తాతగారి తద్దినం తిథి ఏదని అడిగితే, ముగ్గురు అన్నదమ్ములు మూడు తిథులు చెప్పారు. మూడు పుస్తకాలున్నాయి, చీటీ వెళ్ళిపోయింది. ఆ తర్వాత మహాలయ అమావాస్య నాడు పెట్టుకుని సరిపెట్టుకున్నారు.

ఫోన్‌లో పెట్టుకోకపోయారా అంటారేమో, తిథి ఆ పెట్టెలో పట్టదు. ఏటేటా ఒకే తారీకున వచ్చేవైతే క్యాలెండరుకి ఒక్కసారి చెబితే చాలు. మన ఉగాది చూడండి, 2023లో మార్చి 22, 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30. చాంద్రమానపు లెక్క అంతే. చైనావారికీ, యూదులకీ కూడా అధికమాసాలున్నాయి. వాళ్ళకోసం 2015లో ఐక్యాలెండర్‌కి కొత్త నియమాలు చేర్చారు. అవి ఆధారపడే పంచాంగాల పట్టికలో వాళ్ళవి వున్నాయి, ఇథియోపియాది వుంది, మన జాతీయ శక పంచాంగం కూడా వుంది. మేఘనాథ్ సాహా సంఘం 1955లో ఇచ్చిన నివేదిక మీద, 1957 మార్చి 22ని చైత్రం 1గా లెక్కపెట్టి అమల్లోకి తెచ్చారే, అది. మనం తద్దినాలకి చూసుకునే తిథుల పంచాంగం మాత్రం అందులో లేదు. పైగా అమెరికాలో వున్న పిల్లలకి అదే తిథి ఒక రోజు ముందే పడవచ్చు. అందుకని ప్రతి ఉగాదికీ కొత్త పంచాంగం తెచ్చి, ఒక్కొక్క తిథికీ తారీకు వెతికి, చేత్తో ఎక్కించవలసిందే. ఈ సింక్ చేసే సాధనానికి ఎవరూ పేరు పెట్టలేదు. 'అమ్మ' అంటారు, 'అత్తయ్య' అంటారు.

అది గొప్పేనని మురిసిపోయే రోజులు పోవాలంటాను నేను. తలలో వున్న చీటీ తలతోనే పోతుంది. అందుకని నేను ఒక ఫైలు పెట్టాను. రంగులు లేవు, బొమ్మలు లేవు. ఎవరు, ఏ మాసం, ఏ పక్షం, ఏ తిథి, పక్కన ఈ ఏటి తారీకు. నా కొడుక్కీ, కూతురికీ చెరో ప్రతి ఇచ్చాను. కాగితం మీద కూడా ఒకటి రాయించాను, కొడుకు చేతే. "ఇవన్నీ నీకు గుర్తే కదమ్మా" అన్నాడు వాడు. "అందుకేరా రాయమన్నది" అన్నాను.