గాయకుడు మాయమైన పాట

“ఒరే అబ్బాయ్, బాలు పాడటం మానేశాడురా ఇందులో. వయొలిన్ల వాళ్లు మాత్రం వాయిస్తానే ఉన్నారు.”

తెనాలిలో మా ఇంటి వరండా. సంక్రాంతి వెళ్లి నాలుగు రోజులైంది, వాకిట్లో రథం ముగ్గు ఇంకా పూర్తిగా చెరగలేదు. మధ్యాహ్నం రెండున్నర. నాన్న నవారు మంచం మీద కూర్చుని, లాల్చీ జేబులోంచి అగ్గిపెట్టెంత ప్లేయర్ తీసి నా చేతిలో పెడతాడు. ఫోన్లో పాటలు వినడం ఆయనకు పడదు, పల్లవి మధ్యలో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. అందుకే ఐదేళ్ల కిందట దీన్ని కొనిచ్చాను. నాలుగు మీటలు, చిటికెన వేలి గోరంత తెర, ఒక మెమరీ కార్డు.

“చెవుడొచ్చిందిరా ఆయనకి, డాక్టరుకి చూపించు” అంటుంది అమ్మ వంటింట్లోంచి. కొన్న షాపులోనూ అదే మాటన్నారట, పెద్దాయనకు చెవులు తగ్గాయేమో, కాకపోతే కార్డు పోయి ఉంటుంది, మార్పించుకోండి అని. నాన్న కార్డు మార్పించాడు. బాలు తిరిగి రాలేదు.

ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటాను. ‘గీతాంజలి’ పాట, 1989 సినిమా, ఇళయరాజా సంగీతం. వయొలిన్లు రెండు పక్కల నుంచీ బ్రహ్మాండంగా వస్తున్నాయి. పల్లవి ఎత్తుకోవాల్సిన చోట గొంతు లేదు. బొత్తిగా లేదని కాదు. బావిలోకి వంగి ఎవరో పాడితే గోడల మీంచి తిరిగొచ్చే మోత ఉంటుందే, అది ఉంది, మనిషి లేడు. కింద ఆసరాగా ఉండాల్సిన బేస్ గిటార్ కూడా లేదు.

తర్వాతి పాట నొక్కుతాను. ఘంటసాల, ‘మాయాబజార్’, 1957. ఎప్పుడో క్యాసెట్ నుంచి ఎక్కించినది. ఇక్కడ ఇంకా చిత్రం. పాటే లేదు. రేకుల మీద సన్నటి వాన పడుతున్నట్టు ‘స్స్’ అని ఒక చప్పుడు, ఆ వాన వెనకాల ఎక్కడో పొరుగూళ్లో మైకులో పాట పెట్టినట్టు ఆనీ ఆనకుండా ఓ రాగం.

నాన్న చెప్పింది అక్షరాలా నిజం. ఆయన చెవులు బాగున్నాయి. మూణ్నెల్లుగా ఆ మాట ఎవరూ పట్టించుకోలేదంతే.

ఆ ఫిర్యాదులోనే జబ్బు పేరు కూడా ఉంది. ఇయర్‌ఫోన్ పిన్ను ఒకసారి వెలుగులో తిప్పి చూడండి. మూడున్నర మిల్లీమీటర్ల లావు, మధ్యలో రెండు నల్ల గీతలు, వాటి వల్ల మూడు ముక్కలు. మొన ఎడమ చెవికి, నడిమి ఉంగరం కుడి చెవికి, మొదలు ఆ రెండింటికీ ఉమ్మడిగా కరెంటు తిరిగి వెళ్లే దారి. దాన్నే గ్రౌండ్ అంటారు. ఆ ఉమ్మడి దారి తెగితే శబ్దం ఆగిపోదు. ఎడమ నుంచి బయల్దేరింది కుడి మీదుగా పోవాల్సి వస్తుంది, కుడిది ఎడమ మీదుగా. రెండు పక్కలా ఒకేలా ఉన్న శబ్దం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. తేడాగా ఉన్నదే మిగులుతుంది. సినిమా పాటలో గాయకుణ్ణి సరిగ్గా నట్టనడుమ నిలబెడతారు, అంటే రెండు చెవులకూ సమానంగా పంచుతారు. అందుకని అందరికంటే ముందు మాయమయ్యేది ఆయనే. వయొలిన్లను అటూ ఇటూ సర్దుతారు కనుక అవి బతుకుతాయి. గొంతు వెనక చేర్చిన ప్రతిధ్వని రెండు పక్కలా వేరుగా పరుచుకుని ఉంటుంది కనుక అదీ బతుకుతుంది. ఘంటసాల పాటలు మోనో, ఆసాంతం రెండు పక్కలా ఒకటే, అంతా పోయింది. మిగిలిన ఆ వాన చప్పుడు టేపుది. టేపు మీద ఎడమ దారి సొద వేరు, కుడి దారి సొద వేరు, వాటికి పొత్తు లేదు కనుక కొట్టేసుకోలేదు. పాట పోయి టేపు మిగిలింది.

“పిన్నుని బొటనవేలితో కాస్త పక్కకి అదిమి పట్టుకో నాన్నా.”

అదుముతాడు. ముఖం వికసిస్తుంది. “వచ్చాడు!” వేలు తీస్తాడు. “పోయాడు.” మళ్లీ అదుముతాడు.

ఇక వెతకాల్సిన చోటు చిన్నదైపోయింది. ఈ ఇయర్‌ఫోన్లు అమ్మ పాత ఫోన్‌కు పెడితే పాట నిండుగా ఉంది. నా ఇయర్‌ఫోన్లు ఈ ప్లేయర్‌కు పెడితే మళ్లీ బావే. కాబట్టి వైరు మంచిది, తప్పు ప్లేయర్‌లో పిన్ను దూరే రంధ్రానిది. టార్చి వేస్తే లోపల లాల్చీ జేబు నూలు ఉండలా చుట్టుకుని ఉంది. పళ్లు కుట్టుకునే పుల్లతో తీస్తాను, స్పిరిట్‌లో తడిపిన దూది పుల్ల చివరకు చుట్టి తిప్పుతాను. కొంత మెరుగు. కానీ నాన్న నడిస్తే బాలు వస్తూ పోతూ ఉన్నాడు.

బోసు రోడ్డు పక్క సందులో టీవీ మెకానిక్ బాబాయ్ కొట్టు. ముప్పై ఏళ్లుగా అక్కడే, అదే స్టూలు. వెనక రెండు బుల్లి స్క్రూలు తీసి, గోరుతో మూత లేపి, ముందు బ్యాటరీ వైరు విడదీస్తాడు. భూతద్దం నాకిస్తాడు. “చూడు బాబూ.” పచ్చటి బోర్డు అంచున పిన్ను రంధ్రం, దానికి చీమ కాళ్లలాంటి కాళ్లు. నాలుగింటికి లెడ్డు వెండిలా మెరుస్తోంది. ఐదో కాలు చుట్టూ లెడ్డు మసకబారి, గుండ్రంగా వెంట్రుకవాసి చీలిక. జేబులో పెట్టుకుని కూర్చున్న ప్రతిసారీ పిన్ను ఆ కాలును కుదిపింది. ఐదేళ్లు కుదిపింది. పుల్లతో తాకితే కాలు కదులుతోంది, లెడ్డు కదలట్లేదు.

కొంచెం పేస్టు, సోల్డరింగ్ ఐరన్ మొన, రెండు సెకన్లు. పాత లెడ్డు కరిగి నీటిబొట్టులా మెరిసి కాలిని పట్టుకుంటుంది. చిన్న పొగ, గుగ్గిలం వాసన. మీటర్ పుల్లలు ఒకటి పిన్ను మొదటికీ ఒకటి బోర్డుకూ ఆనిస్తాడు, ‘కీ’మని కూత. పిన్ను అటు వంచీ ఇటు వంచీ చూస్తాడు. కూత ఆగదు.

బాగైందనే ఇంటికి వచ్చాం. అయితే గొంతు తిరిగొచ్చాకే రెండో జబ్బు బయటపడింది. మృదంగం మీద దెబ్బ పడ్డప్పుడల్లా గొంతు ‘గర్ర్’మని చిట్లుతోంది, కాగితం చిరిగినట్టు. ఛార్జింగ్ నిండుగా ఉంది, అది కాదు. వాల్యూమ్ తగ్గించి చూస్తాను. సగానికి, పావుకు. చప్పుడు తగ్గింది కానీ చిరుగు అలాగే ఉంది. ఈ ఒక్క పరీక్ష మర్చిపోవద్దు. వాల్యూమ్ పెంచినప్పుడే చిట్లితే బ్యాటరీనో, ఇయర్‌ఫోన్లోని పొరనో చూడాలి. బాగా తగ్గించినా చిట్లుతుంటే, శబ్దం వాల్యూమ్ దగ్గరికి రాకముందే దెబ్బతింది.

మెనూలోకి వెళ్తే ఈక్వలైజర్ ‘బేస్’ మీద ఉంది. ఈ పెట్టెలో శబ్దమంటే అంకెలు, సెకనుకు 44,100 కొలతలు. ఒక్కో కొలత 32,767 దాటి పైకి పోలేదు. అది ఇంటి కప్పు. మృదంగం దెబ్బ అప్పటికే 30,000 దాకా లేచింది. బేస్ మీట దాన్ని 6 డెసిబెల్స్ పెంచమంటుంది, అంటే రెట్టింపు. 60,000కు చోటెక్కడిది? కప్పు తగిలిన చోటల్లా అల తల నరికినట్టు చదునైపోతుంది. ఆ పదును అంచులే గరగర. ఆ క్షణాన అదే అలలో గొంతు కూడా ఉంది కనుక దాని తలా తెగుతుంది. ఈక్వలైజర్ ‘నార్మల్’ మీద పెడతాను. చిరుగు పోయింది.

“గరగర పోయింది గానీ పాట పలచనైందిరా.”

ఆ మాటా నిజమే. అసలు బేస్ మీట ఎందుకు నొక్కాల్సొచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది. ఆయన చెవిలో ఇయర్‌ఫోన్ వదులుగా వేలాడుతోంది. చెవికీ రబ్బరు తొడుగుకీ సందుంటే, ముందు కారిపోయేది కింది స్థాయి శబ్దమే. డబ్బాలో మూడు సైజుల తొడుగులిచ్చారు, మధ్యవి తగిలించి తక్కినవి ఎవరూ చూడలేదు. పెద్దవి వెతికి తొడుగుతాను. నాన్న కళ్లు మూసుకుంటాడు, వేళ్లు మంచం పట్టె మీద తాళం వేస్తాయి. అప్పటిదాకా ముప్పై దగ్గరున్న వాల్యూమ్ తనంతట తనే పద్దెనిమిదికి తగ్గించుకున్నాడు. నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది అదే. పెద్దవాళ్ల చెవులకైనా వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలే హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, నాన్న రోజుకు ఆరేడు గంటలు వింటాడు.

సాయంత్రానికి కార్డులోని పాటలన్నీ కంప్యూటర్లో చూస్తున్నాను. కొన్ని ఫైళ్లు కప్పుకు ఆనుకుని ఉన్నాయి, వాటిని ఎంపీత్రీగెయిన్ అనే సాఫ్ట్‌వేర్‌తో దించాను. అది పాటను మళ్లీ కుదించకుండా, ఒక్కో మెట్టు ఒకటిన్నర డెసిబెల్ చొప్పున దించుతుంది. భగవద్గీత శ్లోకాలు వరస తప్పి వస్తున్నాయన్నాడు నాన్న. ఇలాంటి ప్లేయర్లు పేరు చూడవు, కార్డులోకి ఏది ముందు ఎక్కితే అది ముందు పాడతాయి. తుడిచి వరసలో ఎక్కించాను. తెలుగు అక్షరాలు దీని తెర మీద డబ్బాలుగానే వస్తాయి, దానికి మందు లేదు. ప్రతి ఫోల్డర్ మొదట ఆ ఫోల్డర్ పేరు అమ్మ గొంతుతో రికార్డు చేసి పెట్టాను.

ఒక్క ఫైలు మాత్రం లొంగలేదు.

అది తాతయ్య పద్యం. 1984లో రామాలయం ముందు పందిట్లో, పాండవోద్యోగంలో కృష్ణుడి వేషం. మావయ్య గల్ఫ్ నుంచి తెచ్చిన టేప్ రికార్డరు మొదటి వరసలో కుర్చీ మీద పెట్టి పట్టాడు. ఇది ఏ కంపెనీ వేసిన పాటా కాదు, మళ్లీ దొరకదు. రాగం తీస్తూ పైస్థాయికి వెళ్లిన చోటల్లా ఆయన గొంతు రేకు డబ్బాలా పగులుతోంది. కంప్యూటర్లో ఆ చోటు పెద్దది చేసి చూశాను. కొండల్లా ఉండాల్సిన అలలు, వరసగా, కత్తితో కోసినట్టు చదును. కోసిన చోట పైన ఏముందో ఆ ఫైలుకు గుర్తు లేదు. బాగుచేస్తామనే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, అవి ఊహించి అతుకుతాయి. తాతయ్య గొంతులో ఊహ నాకొద్దు.

పొరపాటు నాదే. 2007లో ఆ క్యాసెట్ నేనే ఎక్కించాను. కంప్యూటర్ వెనక గులాబీ రంగు రంధ్రంలో వైరు పెట్టాను. అది మైకు కోసం, వోల్టులో వెయ్యో వంతుల బలానికి చేసింది. టేప్ డెక్ నుంచి వచ్చేది వోల్టు దరిదాపుల్లో ఉంటుంది. పెట్టాల్సింది పక్కనున్న లేత నీలం రంధ్రంలో. పైగా 128 కేబీపీఎస్‌కు కుదించాను, అంటే సీడీలో పట్టేదాంట్లో పదకొండో వంతు. సినిమా పాటకైతే అది చాలావరకు సరిపోతుంది. పెద్ద చప్పుడు పక్కన చిన్నది చెవికి ఆనదు కనుక ఎంపీత్రీ ఆ చిన్నదాన్ని వదిలేస్తుంది. ఒంటరి గొంతుకు అలా చాటు దొరకదు. ఎంపీత్రీని తయారుచేసిన వాళ్లలో ముఖ్యుడు కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్‌ను బాగా ఇబ్బంది పెట్టింది కూడా వాయిద్యాలు లేని ఓ పాటే, సుజాన్ వేగా పాడిన ‘టామ్స్ డైనర్’. తొలి నమూనాల్లో ఆమె గొంతు పాడైపోతుంటే, అదే పాట మళ్లీ మళ్లీ విని సరిచేసుకున్నారు. రాగాలాపన మధ్యలో హార్మోనియం కూడా ఆపి మా తాతయ్య తీసే ఆ గుక్క అలాంటిదే.

బీరువా అడుగున, పట్టుచీరల కింద, క్యాసెట్ ఉంది. అమ్మ పారేయలేదు. అంచున తెల్లటి బూజు. పెన్సిల్ చక్రంలో దూర్చి నెమ్మదిగా రెండుసార్లు చివరిదాకా తిప్పి, మెత్తటి గుడ్డతో బూజు తుడిచాను. పాత డెక్ హెడ్‌ను స్పిరిట్ దూదితో తుడిస్తే దూది గోధుమరంగైంది. పాట మొదలెట్టాక గొంతు గుడ్డ కప్పినట్టుంది. మావయ్య టేప్ రికార్డర్ హెడ్ ఏ వాలున ఉందో ఈ డెక్ హెడ్ ఆ వాలున లేదు. హెడ్ పక్క చిన్న స్క్రూ, పావు వంతు కంటే తక్కువ, అటు… కాదు, ఇటు… ఒక చోట ‘స్స్’ ఒక్కసారిగా పదునెక్కింది. దానితో పాటే తాతయ్య ‘స’కారాలు, తాళాల అంచు మెరిశాయి. ఆపాను.

ఈసారి లేత నీలం రంధ్రం. రికార్డింగ్ స్థాయి, పైస్థాయి గుక్కలో కూడా ఎర్రగీతకు 6 డెసిబెల్స్ కింద ఆగేలా. కుదింపు 320. టేపు సొద తీసేయొచ్చు, తీయలేదు. తీస్తే ఆయన ఊపిరి పీల్చే చప్పుడు కూడా దానితోనే పోతోంది.

రాత్రి తొమ్మిదిన్నర. నాన్న ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒకటి నాకిస్తాడు. ఇద్దరి మధ్య వైరు బిగుసుకుంటుంది, దగ్గరికి జరుగుతాను. పందిట్లో ఎవరో దగ్గుతున్నారు. హార్మోనియం శ్రుతి. తాతయ్య పద్యం అందుకుంటాడు, పాదం పాదం దాటుకుంటూ చివరికి వచ్చి రాగం పైకి లేపుతాడు. నాన్న వేళ్లు బిగుస్తాయి, ఇన్నేళ్లూ పగిలిన చోటు ఇదే. గొంతు పైకి వెళ్లింది, నిలిచింది, అక్కడే రెండు మెలికలు తిరిగి కిందికి దిగింది.

ఆ వెంటనే పందిరంతా కేకలు. పాత ఫైల్లో అది ఒట్టి హోరు. ఇప్పుడు మాటలు విడివిడిగా వినిపిస్తున్నాయి. “వన్స్‌మోర్! వన్స్‌మోర్!”

నాన్న చీకట్లో తడుముకుని వెనక్కి మీట నొక్కుతాడు.