ఫలితాలు లేని ఏడాది

నిజామాబాద్ కలెక్టరేట్ గ్రౌండ్ అనగానే మా నందిపేట్ వైపు ఎవరికైనా నిఖత్ జరీనే గుర్తొస్తుంది. ఆమె అక్కడికి మొదట వచ్చింది మాత్రం బాక్సింగ్ కోసం కాదు, పరుగు కోసం. తండ్రి మహ్మద్ జమీల్ అహ్మద్ దగ్గరుండి స్ప్రింట్లు చేయించేవాడు. బాక్సింగ్‌లో అమ్మాయిలెందుకు లేరని అడిగి, ఆఖరికి తనే గ్లవ్స్ వేసుకుంది. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ చాంపియన్, 2022లో మళ్ళీ అదే దేశంలో సీనియర్ ప్రపంచ చాంపియన్. ఎవరు రాసినా కథ ఈ రెండు మెట్ల మీదే నడుస్తుంది.

నన్ను ఆపేది మధ్యలో ఉన్న 2017. అప్పటికి ఆమె హైదరాబాద్‌లో డిగ్రీ స్టూడెంట్. యూనివర్సిటీల మధ్య పోటీలో భుజం జారింది. సర్జరీ చేశారు. దాదాపు ఏడాది రింగ్‌కి దూరం. ఆ ఏడాది గురించి రికార్డుల్లో ఏముంటుంది? ఏమీ ఉండదు. మా వృత్తిలో సున్నా వేరు, ఖాళీ వేరు. సున్నా అంటే ఆడి ఓడినట్టు. ఖాళీ అంటే అసలు లెక్కలోనే లేనట్టు.

పరుగులో ఈ ఖాళీ ఇంకా నిర్దయగా ఉంటుంది. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ నాగార్జున యూనివర్సిటీ తరఫున 2020లో మూడబిద్రిలో 100 మీటర్ల హర్డిల్స్‌ని 13.03 సెకన్లలో దాటింది. డోప్ టెస్ట్ జరగలేదని దాన్ని రికార్డుగా ఒప్పుకోలేదు. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 13.09. గాలి వేగం 2.1 మీటర్లు, పరిమితి 2.0. అదీ పోయింది. చివరికి మే నెలలో సైప్రస్‌లో పరుగెత్తిన 13.23 జాతీయ రికార్డయింది. 2023లో చెంగ్డూ ప్రపంచ యూనివర్సిటీ క్రీడల్లో 12.78తో కాంస్యం గెలిచినా, ఒలింపిక్ అర్హత ప్రమాణం సెకనులో నూరోవంతు తేడాతో తప్పిపోయింది. ర్యాంకింగ్ ద్వారా పారిస్ వెళ్ళేలోపే తుంటి గాయం. అక్కడ 13.16. 2025 మేలో గుమీలో 12.96తో ఆసియా స్వర్ణం, కొన్ని వారాలకే మోకాలి లిగమెంట్ తెగి సర్జరీ.

నూరోవంతునీ గాలినీ కొలిచే ఆటలో మంచం మీద గడిచిన నెలలకి మాత్రం కొలత లేదు. స్టూడెంట్‌కి ఇది రెట్టింపు నష్టం. ప్రపంచ యూనివర్సిటీ క్రీడలకి వయసు పరిమితి 25. స్పోర్ట్స్ కోటాలో సీటు అడిగినా, ఉద్యోగం అడిగినా సర్టిఫికెట్ చూపించాలి. కోలుకున్నందుకు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వరు.

ఇంకో మాట ఒప్పుకోవాలి. నిఖత్ 2017 మనకి కనిపించేది 2022 వల్లే. తిరిగొచ్చినవాళ్ళ ఖాళీని మనం 'పోరాటం' అంటాం. తిరిగి రానివాళ్ళది ఖాళీగానే మిగిలిపోతుంది. ఇంటర్‌లో నాతోపాటు 800 మీటర్లు పరుగెత్తినవాడొకడు, నాకంటే చాలా ముందుండేవాడు, మోకాలు వాచి ఆగిపోయాడు. 'ఏంరా, ప్రాక్టీస్‌కి వస్తలేవ్?' అని అప్పట్లో అందరం అడిగాం. మోకాలు ఎట్లుందని మాత్రం ఒక్కరం కూడా అడగలేదు.

మన క్రీడల చరిత్ర కూడా ఇప్పటిదాకా ఆ మొదటి ప్రశ్నే అడుగుతోంది.